గీతలు పోయిన బొమ్మ

మబ్బు పట్టి మూడు రోజులైంది. ఇలాంటప్పుడు రొయ్యల చెరువులో గాలి చాలదు. నీళ్ళలో చక్రాలు తిప్పే మోటార్లు పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి. కాసేపు ఆగితే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. అలా తేలినవాటిలో బతికి బట్టకట్టేవి తక్కువ. ఎల్లుండే మా పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు. మావారు వెంకటరమణగారు అత్తయ్యకి కంటి ఆపరేషన్ చేయించడానికి రాజమండ్రి వెళ్తూ, "సత్యా, చెరువు జాగ్రత్త" అని బస్సు మెట్టు మీద నిలబడి కూడా మళ్ళీ చెప్పారు.

చెరువు మా ఇంటికి కనపడదు. కొబ్బరితోట దాటి, బోదె కాలువ గట్టు వెంట పోవాలి. అందుకే అక్కడొక స్తంభానికి కెమెరా పెట్టించి ఇంట్లో టీవీకి తగిలించారు. ఆ టీవీలో నిన్నటి నుంచి బొమ్మ నిండా అడ్డగీతలు. కింద నుంచి పైకి పాకుతూ పోతున్నాయి. మధ్యమధ్య ఇసుక చల్లినట్టు చుక్కలు. చక్రం తిరుగుతోందో లేదో ఎంత దగ్గరికెళ్ళి చూసినా తెలియడం లేదు.

కెమెరాలు బిగించే దుర్గాసాయి మధ్యాహ్నానికి వచ్చాడు. టీవీ కింద పెట్టె తెరిచి, వైర్లు లాగి చూసి పెదవి విరిచాడు.

"కెమెరాకి కరెంటిచ్చే అడాప్టర్ పోయుంటుందండి పిన్నిగారు. ఈ గీతలు దానివే."

"మార్చెయ్ మరి."

"నా దగ్గరున్నది పొద్దున్నే ఆచంటలో బిగించేశానండి. పెనుగొండ షాపులో ఉంది. ఎవరినైనా పంపితే ఫోన్ చేసి చెప్తాను."

పంపడానికి ఉన్నది బుల్లిరాజు ఒక్కడే. చెరువు కాపలా అతనిదే. ఫోన్ చేశాను.

"ఆయ్, చెరువు వదిలేసి ఎలా వెళ్ళనండి?" అన్నాడు.

"మోటార్లు ఆడుతున్నాయా?"

"బ్రహ్మాండంగా ఆడుతున్నాయండి."

"అయితే బండి మీద వెళ్ళొచ్చెయ్. మేము టీవీలో చూస్తూ ఉంటాం."

"ఆ గీతల్లోనాండి?" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ నవ్వు విన్నాక గాని నాకు తట్టలేదు, చెరువు దగ్గర ఇప్పుడు మనిషి లేడు, ఇక్కడ బొమ్మా లేదు. వెనక్కి పిలుద్దామని మళ్ళీ చేశాను. బండి మీద ఉన్నాడేమో, తియ్యలేదు.

"నువ్వు పోయి చెరువు దగ్గర నిలబడవయ్యా" అన్నాను దుర్గాసాయితో.

"ఒక్క నిమిషమండి. ఈ వైరు కొస తుప్పు పట్టింది, కోసి కొత్త పిన్ను వేస్తాను. దీంతోనే పోయినా పోతాయి గీతలు."

నాకు కాలు నిలవలేదు. దేవుడి గూటి ముందుకి వెళ్ళి దీపం ఎగదోశాను. "వాడపల్లి వెంకన్న తండ్రీ, ఆ బొమ్మ ఒక్కటి తేటపడేలా చెయ్యి. ఏడు శనివారాలు నీ గుడికొచ్చి ప్రదక్షిణలు చేస్తాను" అని మొక్కుకుంటూ ఉండగానే ముందు గదిలోంచి కేక వినపడింది.

"పిన్నిగారూ! రండి, రండి!"

గీతల్లేవు. ఒక్కటి కూడా లేదు. కొబ్బరి మట్టలు, మేత షెడ్డు రేకులు, గట్టు మీద గడ్డి, అన్నీ కడిగినట్టు కనిపిస్తున్నాయి. లోపలికి పరుగెత్తి కర్పూరం వెలిగించాను, హారతి కళ్ళకద్దుకుని, కుంకుమ తెచ్చి టీవీ అంచున బొట్టు పెట్టాను.

"దానికేనాండి? పిన్ను వేసింది నేను. నాకూ పెట్టండి" అన్నాడు దుర్గాసాయి.

"నీకు బొట్టూ పెడతాను, కాఫీ కూడా ఇస్తాను నాయనా."

పాలు పొయ్యి మీద పెట్టి, మళ్ళీ వచ్చి టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంత చక్కగా ఉందో బొమ్మ. నీళ్ళ మధ్య ఒక కొంగ ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది. ఆ ఈకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"కొంగ దేనిమీద నిలబడింది బాబూ?"

"చక్రం మీదండి" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి అతని మొహం మారిపోయింది.

తిరిగే చక్రం మీద కొంగ నిలబడదు. మోటార్లు ఆగిపోయాయి. అవి ఆగబట్టే గీతలు పోయాయి.

పొయ్యి ఆర్పానో లేదో కూడా తెలియదు. చెప్పులు లేకుండా తోటలో పడి పరుగెత్తాను. దుర్గాసాయి నన్ను దాటిపోయాడు. దేవుణ్ణి నేను తప్పుపట్టను. నేను అడిగింది బొమ్మ, రొయ్యల్ని కాదు. అయినా అడిగిన మాటేనా ఆయనకి వినపడేది, అడిగిన మనిషి మనసు కనపడదా అనే ప్రశ్న ఒకటి ఆ గట్టు వెంట నాతోపాటే పరుగెత్తింది.

గట్టు వారన నీళ్ళ మీద సన్నగా చినుకులు పడుతున్నట్టు ఉంది. వాన లేదు. అవి రొయ్యల మూతులు.

"మూడు ఫేజుల్లో ఒకటి పోయిందండి!" అని స్టార్టర్ పెట్టె దగ్గర నుంచి అరిచాడు దుర్గాసాయి. "కెమెరాకి వచ్చేది పోకుండా ఉన్న ఫేజు. అందుకే బొమ్మ వస్తోంది. జనరేటర్ ఎలా వేస్తారండి?"

"హ్యాండిల్ పెట్టి తిప్పు. నేను మీట ఎత్తి పట్టుకుంటాను." మావారు తిప్పేటప్పుడు ఆ పని నాదే.

మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి హ్యాండిల్ ఎదురుతన్ని అతని మణికట్టుకి తగిలింది. "అబ్బా" అని కూర్చుండిపోయాడు. నేను నీళ్ళకేసి చూడలేదు.

"లేవయ్యా. ఇద్దరం పడదాం."

ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి హ్యాండిల్ మీద వేశాను. ఈసారి నల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది. స్విచ్చు జనరేటర్ వైపు తిప్పేసరికి చక్రాలు ఒకటొకటే కదిలి నీళ్ళు చిమ్మాయి. కొంగ లేచిపోయింది.

అప్పుడొచ్చాడు బుల్లిరాజు. విషయం చెప్పక్కర్లేకపోయింది. చేతిలో అడాప్టర్ గడ్డిలో పారేసి, చొక్కాతోనే నీళ్ళలోకి దిగి, మేత తిన్నాయో లేదో చూసుకోవడానికి దించి ఉంచే వల పళ్ళేన్ని పైకెత్తాడు.

"చెప్పవేం?" అన్నాను.

"ఎగురుతున్నాయండి! అమ్మగారండి, ఎగురుతున్నాయి!" అని అరచెయ్యి చాపాడు. అందులో తెల్లబడి, ఒంకర తిరిగిన రొయ్యలు కొన్ని ఉన్నాయి. "ఇవి పోయాయండి. అడుగున ఇంకెన్ని ఉన్నాయో."

దుర్గాసాయి మణికట్టు పట్టుకుని స్తంభాలకేసి చూస్తున్నాడు. "మోటార్ల వైరూ కెమెరా వైరూ ఎవరో కొత్తగా కలిపి కట్టేశారండి. గీతలు అందుకే. విడదీస్తే పోతాయి."

"ఇవాళ దాన్ని ముట్టుకోకు."

ఫోన్ మోగింది. మావారు. "ఏమైంది, బొమ్మ బాగైందా?"

"బాగైందండి. మోటార్లు ఆగితే బాగైంది. జనరేటర్ వేశాం. కొన్ని పోయాయి, చాలావరకు ఉన్నాయి. ఎల్లుండి దాకా ఆగొద్దు. కొనేవాళ్ళకి చెప్పి రేపు పొద్దున్నే పట్టించండి."

"సైజు తగ్గుతుందే."

"తగ్గనివ్వండి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను."

బుల్లిరాజు షెడ్డులోంచి మేత బస్తా ఒకటి ఈడ్చుకొచ్చి గట్టు మీద వేశాడు. "కూర్చోండమ్మగారూ, కాలు నెత్తురొస్తోంది" అన్నాడు.