కొంగు పట్టని చెయ్యి

"నీ వీడియో ఇంకా మస్తు చూస్తున్నరే జనం!" అంటూ ఎల్లేష్ దొడ్డి తడిక తోసుకుని వచ్చి ఫోను చూపించబోయాడు. గొర్రెల పెంట ఊడుస్తున్న కరుణ తల ఎత్తలేదు. మొగుడి చేతిలో ఆ ఫోను కనబడితే చాలు, ఆమెకు రోత పుడుతుంది. పెంట కంపుకు ఏనాడూ పుట్టలేదు.

పోచమ్మ బోనాలనాడు మొదలైంది ఈ రోత. డప్పుల మోతకు కరుణకు ఏటా శివం వస్తుంది. అమ్మోరు పూని ఊగే మనిషికి ఒంటి మీద సోయి ఉండదు కదా! అందుకే ఇంటివాళ్లు పక్కన నిలబడి, కొంగు జారకుండా నడుముకు బిగించి, పడిపోకుండా పట్టుకుంటారు. ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేని మర్యాద అది. ఈసారి అత్త నర్సింగమ్మ చేతుల్లో బోనం కుండ ఉంది. ఎల్లేష్ చేతుల్లో ఫోను ఉంది. కొంగు జారింది, జాకెట్టు హుక్కు తెగింది. ఆ మహానుభావుడు ఇంకా దగ్గరికి జరిగి మరీ తీశాడు. "మా ఇంటిదానికి అమ్మోరొచ్చింది" అని రాసి లోకం మీదికి వదిలాడు.

ఎవడో దాన్ని కత్తిరించి, డప్పు తీసేసి, ఊగే ఒంటికి సినిమా పాట తగిలించాడు. ఇక చూడండి! పాలకేంద్రంలో కరుణ క్యాను దించకముందే ఎవడి ఫోనులోనో ఆ పాట మోగుతుంది. అక్కా అక్కా అని పిలిచే భిక్షపతి ఇప్పుడు పాలు కొలుస్తూ ఆమె మెడ కిందికి చూస్తాడు. థూ! వీడియో కింద మగాళ్లు రాసిన మాటలు కూతురు పూజ కంటబడ్డాయి. ఇంటర్ చదివే పిల్ల, కన్నతల్లి గురించి చదవాల్సిన మాటలా అవి? కాలేజీకి పోనని మంచం పట్టుకుంది.

"పూజ బాపూ, నీకు దండం పెడ్త, జర తీసెయ్" అని కరుణ ఎన్నిసార్లు బతిమాలిందో.

"నేను పెట్టింది దేవుని వీడియోనే. కోసినోడు వేరేటోడు. నాదెందుకు తియ్యాలె? గిప్పుడిప్పుడే జనం నన్ను గుర్తువడ్తున్నరు" అన్నాడు.

అత్త ఇంకో మెట్టు ఎక్కింది. "ఊగేటప్పుడు జర కొంగు చూసుకోవద్దా? మా ఇంటి పేరు బజార్ల పడేసినవ్."

చూసుకునే సోయి ఉంటే అది శివమెట్లవుతుంది? ఆనాడు ఆ కాళ్ల మీద పసుపునీళ్లు పోసి మొక్కినవాళ్లే ఇప్పుడు ఆ ఒంటిని అరచేతిలో పెట్టుకుని చప్పరిస్తున్నారు. అందరికంటే ముందు ఎత్తి చూపించింది తన మెడలో పుస్తె కట్టిన చెయ్యి. ఛీ, ఈ మనిషికా ఇన్నేళ్లు వండి పెట్టింది, ఈ మనిషి గొర్రెలకా పెంటెత్తింది!

చీపురు అక్కడే పడేసింది. స్నానం చేసి, పూజను లేపి భువనగిరికి బయలుదేరింది. పోలీస్ స్టేషనుకని తెలియగానే ఎల్లేష్ అడ్డం వచ్చాడు. కాసేపు అరిచి, ఆమె ఆగదని అర్థమయ్యాక గొంతు తగ్గించాడు.

"పోతే పో. ఎవడో ముక్కు మొకం తెల్వనోడు పెట్టిండని చెప్పు. నా పేరు రానియ్యకు. నలుగుర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఇజ్జత్ అట! బస్సులో ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె కిటికీలోంచి బయటికి ఉమ్మింది.

స్టేషనులో ప్రణీత అనే ఆడ కానిస్టేబుల్ మంచినీళ్లిచ్చింది. వీడియో కొంచెం చూసి, ఫోను బోర్లా పెట్టేసింది. ఆ ఒక్క పనికే కరుణకు ఏడుపు తన్నుకొచ్చింది.

"కోసినోన్ని ఎంకులాడి పట్టుకుంటం, అక్కా. మొదలు వీడియో పెట్టిందెవరు?"

పెళ్లయిన నాటి నుంచి కరుణ మొగుడి పేరు నోటితో పలకలేదు. పేరెత్తితే మొగుడికి కీడని అత్త నేర్పింది. రేషన్ దుకాణంలోనైనా, దవాఖానలోనైనా పక్కనున్నవాళ్లే చెప్పేవారు. ఆ అలవాటు కొద్దీ ఇప్పుడు పూజ నోరు తెరిచింది. కరుణ కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎల్లేష్" అంది. "కాటమయ్య కొడుకు ఎల్లేష్. నా మొగడు. సక్కగ ఇనవడ్డదా, మళ్లొకసారి చెప్పాల్నా?"