బడి కప్పుకు ఎత్తిన చెయ్యి

ఆ ఊరి కౌన్సిల్ సమావేశంలో మొదటి తీర్మానం ఎప్పుడూ టీయే. ఏడుగురు సభ్యులూ హుషారుగా చేతులెత్తుతారు, బంట్రోతు కప్పులు తెచ్చి పెడతాడు, చేతులు దిగుతాయి. ఆ గదిలో ఏ పని కోసం చెయ్యెత్తితే ఆ పని జరిగేదాకా చెయ్యి దిగదు. అందుకే అక్కడ ఎవరూ పొరపాటున తల కూడా గోక్కోరు. పాత చైర్మన్ వంతెన కోసం చెయ్యెత్తి, పద్దెనిమిదేళ్లు అలాగే తిరిగి, అలాగే పోయాడు. వంతెన ఇంకా కాగితాల మీదే ఉంది.

ఆయన చొక్కాలు కుట్టింది ఊళ్లో ఉన్న ఒక దర్జీ ఆవిడ. కుడి పక్క చంక నుంచి నడుం దాకా గుండీలు పెట్టి కుట్టేది. చెయ్యెత్తడమంటే ఏమిటో ఆవిడకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కిందటేడే గెలిచి సభ్యురాలైంది. భర్త లేడు. ఐదో తరగతి చదివే కూతురు, ఒక కుట్టుమిషను, అంతే సంసారం.

ఆ నెల బడి కప్పు నుంచి పెచ్చు ఊడి కూతురు కూర్చునే బెంచీ మీద పడింది. ఆదివారం కాబట్టి ఎవరి తలా పగల్లేదు. సమావేశం రోజు పొద్దున్నే రిటైరైన పోస్టుమాస్టరు ఇంకో ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకుని ఆవిడ కుట్టు కొట్టుకి వచ్చాడు.

"నువ్వు ముందు ఎత్తమ్మాయ్. మేం ముగ్గురం నీ వెనకే ఎత్తుతాం. నాలుగు చేతులు పైనుంటే ఈ చైర్మన్ డబ్బివ్వక చస్తాడా?"

"బాబాయ్, నాకు అన్నం పెట్టేది ఈ చెయ్యే."

"మాకు మాత్రం ఊరికే వచ్చాయా చేతులు?" అన్నాడాయన. ఆవిడ నమ్మింది.

కౌన్సిల్ దగ్గరున్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. బడి కప్పా, ఊరి మొదట్లో స్వాగత ద్వారమా? చైర్మన్‌కి ద్వారం మీద మక్కువ. కాంట్రాక్టరు ఆయన బావమరిది.

"బడి చూడ్డానికి ఎవరొస్తారమ్మా? ద్వారం కింద నుంచి రోజూ వెయ్యిమంది వెళ్తారు" అన్నాడు చైర్మన్ సమావేశంలో.

"మీ పిల్లలు ఆ కప్పు కింద కూర్చుంటే ఇలాగే మాట్లాడేవారా?" అందావిడ.

చైర్మన్ నవ్వాడు. "సరే, కప్పు కావాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఆవిడ ఎత్తింది. పోస్టుమాస్టరుకి ఉన్నట్టుండి కళ్లజోడు తుడుచుకోవాల్సిన పని పడింది, అదీ రెండు చేతులతో. మిగతా ఇద్దరూ ఖాళీ కప్పుల్లో టీ తాగుతూ కూర్చున్నారు. "బాబాయ్!" అని పిలిచింది. ఆయన తలెత్తలేదు.

"ఒకటి" అని రాసుకున్నాడు గుమస్తా. "ద్వారానికి?"

చైర్మనూ ఆయన మనుషులిద్దరూ చేతులెత్తారు. గుమస్తా లెక్కపెట్టాడు. "నాలుగు."

"నాది బడి కోసం!"

"చేతి మీద రాసుండదు కదమ్మా. కనబడింది లెక్కపెట్టడమే నా ఉద్యోగం."

ద్వారం అప్పటికే తయారై లారీలో ఉంది. రెండో టీ వచ్చేలోపే నిలబెట్టేశారు. మూడు చేతులు దిగాయి.

ఒంటి చేత్తో గుడ్డ నిలవదు, కత్తెర ఆడదు. కూతురు జడ ఆవిడ వేసేది పోయి, ఆవిడ జడ కూతురు వేసే రోజులొచ్చాయి. జాలిపడి వచ్చేవాళ్లు కూడా నెల తిరిగేసరికి వేరే కొట్టుకెళ్లారు. చైర్మన్‌కి మాత్రం ఆవిడంటే ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ప్రతి సమావేశానికీ కారు పంపించేవాడు. ఆవిడా వెళ్లేది. వెళ్లకపోతే సభ్యత్వం పోతుంది, కప్పు గురించి అడిగే దిక్కే ఉండదని వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ ఆయన తీర్మానాలు నాలుగు చేతులతో పాసయ్యేవి.

నాలుగో నెలలో చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "బడి కప్పు ప్రమాదంగా ఉందని ఈ అమ్మే మొదట చెప్పింది. పసిపిల్లల ప్రాణాలు ముఖ్యం. బడి మూసేద్దాం."

ఆవిడ తలుపు వైపు పరుగెత్తింది. సభ నడుస్తోందని గడియ వేసి ఉంది. బల్ల పక్కన నేల మీద చతికిలబడింది. చెయ్యి మాత్రం బల్ల పైకి కనబడుతూనే ఉంది.

"నాలుగు" అన్నాడు గుమస్తా.

బంట్రోతు అప్పటికే బడి గేటు దగ్గర తాళంతో నిలబడి ఉన్నాడు. ఫోను వెళ్లింది, తాళం పడింది, ముగ్గురి చేతులూ దిగాయి. పోస్టుమాస్టరు ఆవిడ చెయ్యి వంక ఒకసారి చూసి, చెప్పులు వెతుక్కున్నాడు. ఇక బాగుచెయ్యడానికి బడే లేదు.

సాయంత్రం కూతురు పుస్తకాల సంచీతో గుమ్మంలో నిలబడింది. "అమ్మా, మా బడి మూసెయ్యమని నువ్వూ చెయ్యెత్తావంట. టీచర్ చెప్పింది."

"లేదే తల్లీ" అంది.

పిల్ల తలెత్తి ఆ చేతిని చూసింది. సంచీ మూల పెట్టింది.

మర్నాడు ఎవరో రెండు చొక్కాల గుడ్డ తెచ్చిచ్చారు. పిల్లని మిషను ముందు కూర్చోబెట్టింది. పాదాలు పెడలుకి అందలేదు. తల్లి ఎడమ చేత్తో కుర్చీని ముందుకు లాగింది.