మూడు చుట్ల దారం

గడియారాలు బాగుచేసే ఆవిడకు కోపమంతా కంటిగూట్లో బిగించుకునే భూతద్దం మీదే. ముప్ఫై ఏళ్లుగా కుడి కంట్లో పెడితే ఉడుంపట్టు పట్టేది. ఈమధ్య మాత్రం జారి, విప్పిన చక్రాల మధ్య టప్పున పడుతోంది.

"అద్దానికి నువ్వు మొహం మొత్తావేమో అక్కా," అంది పక్కన కూర్చుని పట్టీలు మార్చే చెల్లెలు.

"నీ పని నువ్వు చూసుకో," అని ఆవిడ వదులు తీరేలా అద్దం అంచుకు దారం ఒక చుట్టు చుట్టింది. నెల తిరక్కుండానే రెండో చుట్టు కావాల్సి వచ్చింది, తర్వాత మూడోది. గోడ గడియారంలో ముళ్లు రెండేసి కనిపించిన రోజున చెల్లెలు వేళాకోళం మానేసి అక్కను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ రెండు కళ్లూ కొలిచింది. "కుడి కన్ను లోపలికి పోయిందమ్మా. ఇదివరకు రొమ్ములో గడ్డేమైనా వచ్చిందా?"

"ఏడేళ్లయింది, తీసేశారు. దానికీ కంటికీ ఏంటి సంబంధం?"

స్కానూ, కంటి వెనక చిన్న ముక్క తీసి చేసే పరీక్షా అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. అప్పట్లో తప్పించుకున్న క్యాన్సరు కణాలు కొన్ని రక్తంలో పడి కంటి వెనక చేరాయి. మామూలుగా అక్కడ గడ్డ పెరిగితే కన్ను ముందుకొస్తుంది. ఇది మాత్రం గట్టిపడి, ముడుచుకుని, కన్నును లోపలికి లాగుతోంది.

"చూపుంటుందా?"

"జబ్బు పూర్తిగా పోదమ్మా. మందుకు లొంగితే ఆగుతుంది. ఆగితే చూపు దక్కుతుంది."

ఆవిడ స్కాను బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. చిన్నవాటిని చూడటంలో తన్ను మించినవాళ్లు లేరనుకునేది. ఇంత చిన్నది, ఇన్నేళ్లు చప్పుడు లేకుండా బతికి, తను లోకాన్ని చూసే చోటు వెనకే కాపురం పెట్టింది!

చెల్లెలు సంచిలోంచి తీసి చూపించిన భూతద్దాన్ని డాక్టరమ్మ చేతిలోకి తీసుకుంది. ఏ చుట్టు ఎప్పుడు చుట్టిందో అడిగి తెలుసుకుని రాసుకుంది. "నేను మొన్ననే కొలిచానమ్మా. మీ దారం మూడు నెలల్నించీ కొలుస్తోంది."

మాత్రలు మొదలయ్యాయి. సోమవారం సోమవారం ఆవిడ, జారుతుందేమో చూద్దామని, అద్దం బిగించి బల్ల మీదికి వంగేది. చెల్లెలు దారపు ఉండ పట్టుకుని పక్కనే కూర్చునేది.

మూడు నెలలు గడిచాయి. ఆ సోమవారం ఆవిడ గడియారం మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది. అద్దం కదల్లేదు.

"నాలుగో చుట్టు?" అంది చెల్లెలు.

"అక్కర్లేదు. దారం లోపల పెట్టెయ్."