అంబాసిడర్‌లో నా చాకిరీ

నేను ఒక ఆల్టర్నేటర్‌ని. షెడ్లలో చాలామంది ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. దిద్దే ఓపిక నాకెప్పుడో పోయింది. ఇంజను తిరిగితే బెల్టు నన్ను తిప్పుతుంది, నేను కరెంటు పుట్టిస్తాను. రెండు హెడ్‌లైట్లు, ఒక హారను, వానొస్తే వైపర్లు. ఆ మాత్రం సంసారానికే నన్ను తయారుచేశారు.

నన్ను బిగించిన అంబాసిడర్ మొదట విజయనగరంలో ఒక ప్లీడరుగారిది. హారను కొట్టడం కూడా అమర్యాద అనుకునే మనిషి. ఆయన దగ్గర నా బతుకు హాయిగా గడిచింది.

ఆయన పోయాక కారు పైడిరాజు చేతికొచ్చింది. జీవితమంతా పరాయివాళ్ల లారీలు తోలి, చివరికి సొంత బండి కొనుక్కున్న మనిషి కదా, ముచ్చట్లు ఒక పట్టాన తీరలేదు. ముందు పళ్లేలంత లైట్లు పెట్టించాడు. తర్వాత సీటు వెనక గుండెలదిరే పాటల డబ్బా, ఆ తర్వాత ఏసీ. ఒక్కోటి బిగించినప్పుడల్లా కొబ్బరికాయ కొట్టాడు. ఇవన్నీ ఎవరు మోస్తారని మాత్రం అడగలేదు. నా ఒళ్లు పెనంలా కాలేది. బ్యాటరీయే తాను దాచుకున్నది ధారపోసి నా పరువు కాపాడేది.

అతని భార్య గౌరమ్మకు ఆయాసం. ఊపిరాడనప్పుడు మందును ఆవిరిలా పీల్చుకునే చిన్న మిషను పెట్టుకోవాలి. దానివల్ల ఆమె ఇల్లు కదలలేకపోతోందని పైడిరాజు ఆ మిషనుకి కూడా కార్లోనే కరెంటు ఏర్పాటు చేయించాడు. ఆ ఒక్కదాని మీద నాకెప్పుడూ విసుగు రాలేదు.

ఒక సందెవేళ అనంతగిరి ఘాట్ రోడ్డు దిగుతున్నాం. వాన, దానికి తోడు మంచు. ముందు ఒక లారీ పాకుతోంది. లైట్లు, వైపర్లు, ఏసీ, పాటలు అన్నీ నడుస్తుండగా గౌరమ్మకు ఆయాసం ఎక్కువైంది. మిషను పెట్టుకుంది. ఇంజను అంత నిదానంగా తిరిగితే నేనిచ్చేది అంతంతే. బ్యాటరీ అడుగంటింది. లైట్లు ఎర్రబడ్డాయి. మిషను మూలిగి నీరసించింది.

"మావా... గాలి రాట్నేదు," అంది గౌరమ్మ.

పైడిరాజు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండిని బాగా పక్కకు తీశాడు. అంత మోజుపడి పెట్టించుకున్నవన్నీ గబగబా ఆర్పేశాడు. గేరు తీసి యాక్సిలరేటరు తొక్కిపట్టాడు.

"ఒలే గౌరీ, నానున్నాను కదేటి. పీల్చు. అలాగే... ఇంకోపాలి."

నేను తిరిగాను. బేరింగులు అరుస్తున్నా తిరిగాను. మిషను మళ్లీ గొంతు విప్పింది. పైడిరాజు కాలు తిమ్మిరెక్కి వణుకుతోంది. తీయలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ, తన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి గౌరమ్మ అతని మోకాలి మీద చెయ్యేసింది. "సాలు మావా. కాలు తియ్యి."

మర్నాడు ఎలక్ట్రీషియన్ అల్తాఫ్ షెడ్డుకి తీసుకెళ్లారు. అల్తాఫ్ నన్ను ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇన్ని పెట్టావు, దీన్ని మార్చలేదేంటన్నా? అన్నీ ఒకేసారి వేస్తే ఎంత లాగుతాయో కూడుకుని, ఆపైన కొంత మిగిలేది పెట్టాలి. ఇంజను నిదానంగా తిరిగినా సరిపడా ఇచ్చేదై ఉండాలి. వైరు కూడా లావుది వెయ్యాలి."

"నాకేటి తెలుసు బాబూ, లైట్లు ఎలుగుతున్నాయి కదాని ఊరుకున్నాను. ఏది మంచిదైతే అదే ఎయ్యి. ఆ మిషను మరి ఆగకూడదు," అన్నాడు పైడిరాజు. ఆ గొంతులో రాత్రంతా నిద్రలేదని తెలుస్తోంది.

నన్ను విప్పి తుక్కు కుప్ప మీద పడేశారు. నిజం చెప్పాలంటే బాధ కలగలేదు. అన్నేళ్ల తర్వాత ఒళ్లు చల్లబడింది. నా చోట పెద్దదాన్ని బిగించారు. పైడిరాజు స్విచ్చులన్నీ వేసి, ఇంజను నిదానంగా తిరుగుతుండగా గౌరమ్మ మిషను పెట్టి చూశాడు. ఒక్క లైటూ మసకబారలేదు. గౌరమ్మ కళ్లు తుడుచుకుంది.

పైడిరాజు మాత్రం బానెట్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అల్తాఫూ, ఇది ఇంత జోరుగా ఇస్తాదంటే... ఎనకాల ఓ సిన్న ఫ్రిజ్జు ఎట్టించుకోవచ్చేటి?"

అల్తాఫ్ నుదురు కొట్టుకున్నాడు. గౌరమ్మ ఆయాసం సంగతే మర్చిపోయి నవ్వింది.

నేను ఆ కొత్తదాని వైపు చూశాను. పాపం, మెరుస్తోంది.