పుట్టగొడుగుల కూర

ఐరాల దగ్గర పొలం పని చూసుకుని వస్తూ మా ఆయన గుణశేఖర్ తుండుగుడ్డలో పుట్టగొడుగులు మూటగట్టి తెచ్చాడు. వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూశాను. చెదపుట్ట మీద మొలిచినవే. జానెడు వేరు, దానికంటుకున్న ఎర్రమట్టి. చిన్నప్పుడు ప్రతి వానకీ మా అమ్మ వెంట గట్ల మీద తిరిగి నేర్చుకున్న చూపు నాది. అనుమానం వచ్చినదాన్ని ఉంచను. ఈసారి రెండు పారేశాను.

ఆ చూపు మీద మా అత్త వరదమ్మకు నమ్మకం లేదు. విషముంటే నల్లబడుతుందని, కూరలో వేసిన వెల్లుల్లి నల్లబడిందా లేదా అని అడుగుతుంది. అది ఉత్త మాటని చెప్పినా వినదు. తర్వాత, "ముందర నువ్వు తిను. గంట సూసి మేం తింటాం" అంటుంది. పెళ్ళయి పదకొండేళ్ళు. మిగతా రోజుల్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే నాది. ఈ కూర వండిన రోజు మాత్రం మొదటి వడ్డన నాకు. ఒక్కదాన్నే తింటుంటే ఆమె గడియారం చూస్తుంది, ఆయన ఫోను చూస్తాడు.

పోయినేడు తిన్న కాసేపటికే కళ్ళు తిరిగాయి. అంతకుముందు పొద్దుట్నుంచీ కడుపులో ఏమీ పడలేదు, అంతే. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఆయన పరుగెత్తుకొచ్చాడు, నా కోసమే అనుకున్నాను. "మాయమ్మ తినలేదు గదా?" అన్నాడు. లేదన్నాను. గిన్నె తీసుకెళ్ళి దొడ్లో పారబోశాడు. మంచినీళ్ళు నేనే లేచి తాగాను.

ఈరోజు కూర దించి మూడు పళ్ళేలు పెట్టాను.

"నేను సూసినాను, మంచివే. అందరం ఒకేసారి తిందాం."

"అదెట్లా?" అంది అత్త. "నువ్వు తిని సూపీ."

"నా మాట సాలదా అత్తా?"

ఆయన తలెత్తలేదు. "ఎందుకొచ్చిన రగడ? రెండు ముద్దలు తినేస్తే అయిపోతాది గదా."

గిన్నె మీద మూత పెట్టి చేత పట్టుకుని, చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళాను. ఎస్తేరు ఒక్కతే ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. మిషను ఆపి మూత తీసి వాసన చూసింది.

"నువ్వు సూసి ఏరినవేనా?"

"నేనే అక్కా."

ఇంకేమీ అడగలేదు. చేయి కడుక్కొచ్చి, అన్నం పెట్టుకుని, కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి, కాస్త ఆలోచించి, "ఉప్పు రవ్వంత తగ్గిందే" అంది.

పదకొండేళ్ళలో ఈ కూర రుచి గురించి నాతో ఒకరు మాట్లాడటం అదే మొదలు. "నాకూ ఒక పళ్ళెం ఇయ్యక్కా" అని ఆమె పక్కన కూర్చున్నాను.