పాటల పుస్తకంలో చిరిగిన కాగితం

నీహారిక మూడోసారి లెక్కపెట్టింది. ముప్పై ఆరు కాగితాలుండాలి. ముప్పై అయిదే ఉన్నాయి.

అరచేతిలో ఇమిడే పాటల పుస్తకం అది. నూట యాభై ఏళ్ల కిందట నాటకశాలల దగ్గర పది సెంట్లకు అమ్మితే, జనం జేబులో వేసుకుపోయి ఇళ్లలో పాడుకునేవారు. న్యూజెర్సీలో ఆమె పనిచేసే లైబ్రరీలో అలాంటివి నలభై ఉన్నాయి. రేపు పొద్దున హైస్కూల్ పిల్లలు చూడడానికి వస్తున్నారు. పావుగంటలో సూపర్‌వైజర్ వచ్చి అద్దాల పెట్టెకు తాళం వేస్తుంది.

పోయిన కాగితం ఏదో నీహారికకు తెలుసు. ముఖాలకు మసి పూసుకున్న తెల్లవాళ్లు, నల్లవాళ్లను వెక్కిరిస్తూ పాడిన పాట. తెరిచి పెట్టాల్సింది ఆ పేజీయే. పొద్దుటి నుంచి ఆ పుస్తకాన్ని ముట్టుకున్నది ఇద్దరే: తను, ఎదురు బల్ల దగ్గరున్న యజ్ఞనారాయణ. గుండె డాక్టరుగా రిటైరయ్యాక, వారానికి రెండు రోజులు వచ్చి పాత పుస్తకాలు స్కాన్ చేసిపెడుతున్నారాయన.

"అంకుల్, ఒక పేజీ మిస్సింగ్."

ఆయన తలెత్తలేదు. "పాత పుస్తకం కదమ్మా. ఊడిపోయుంటుంది."

"పొద్దున నేనే చెక్ చేశాను. ఇది ఫ్రెష్‌గా చిరిగింది."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లి ఆగింది.

"రేపొచ్చే క్లాసులో మా మనవరాలు ఇషా ఉంది," అన్నారు మెల్లగా. "మా అల్లుడు బ్లాక్ కదా. పద్నాలుగేళ్ల పిల్ల ఫ్రెండ్స్ మధ్య నిలబడి ఆ కూతలు చదవాలా?"

"నాతో చెప్పుంటే వేరే పేజీ పెట్టమని అడిగేదాన్ని."

"అయినా పుస్తకంలో ఉంటుందిగా!"

"ఉండాలి అంకుల్. చింపేస్తే, అలాంటి పాటే లేదంటారు రేపు. అప్పుడేం చూపిస్తాం?"

వరండాలో తాళాల గుత్తి చప్పుడైంది. ఆయన కాగితం బయటికి తీశారు. గట్టిగా పట్టుకుంటే పొడైపోయేలా ఉంది. వేళ్లు బిగుసుకుంటున్నాయి. నీహారిక చెయ్యి చాపింది.

"ప్లీజ్ అంకుల్."

కాగితం ఆమె అరచేతిలోకి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. దానంతటదే ఊడిందని చెప్పేస్తే సూపర్‌వైజర్ నమ్ముతుంది. నీహారిక ఏం చెప్పాలో తేల్చుకునేలోగా ఆయనే లేచారు. తనే చింపానని ఇంగ్లీషులో చెప్పి, మెడలోని బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టారు. సూపర్‌వైజర్ అరవలేదు. ఇక రావద్దని మాత్రం అంది.

ఆ సాయంత్రమే నీహారిక పల్చటి కాగితం పట్టీతో, గోధుమపిండి జిగురుతో చిరుగు అతికించింది.

మర్నాడు ఇషా ఆ పాట చివరిదాకా చదివింది. స్నేహితురాలు ఏదో అనబోతే చేత్తో ఆపి, మళ్లీ చదివింది. తరువాత నీహారిక దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, తాత నాకు అంతా చెప్పాడు. నేను ఫోటో తీయొచ్చా? ఇది తాతతో కూర్చొని చదవాలి."

తీసుకోమంది నీహారిక. మొదటి ఫోటో మసకగా వచ్చింది. ఇషా ఫోను రెండు చేతులతో పట్టుకుని ఇంకోటి తీసింది.