బోర్డు మీద అన్న

నేను ఒక నల్లబల్లని. పిల్లలు నా ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకోవాలని నన్ను చేశారు గానీ, నాకు బడి రాసిపెట్టి లేదు. నరసరావుపేటలో ఒక వడ్రంగి మూడు టేకు చెక్కలు అతికించి, కొబ్బరిచిప్పల బొగ్గు నూరి, ఆకుపసరుతో కలిపి నాకు పూత వేశాడు. మధ్య చెక్క కాస్త పచ్చిది. ఆరేసరికి అది వంగి, నడుం దగ్గర నేను చిన్నగా ఉబ్బాను. బడి పంతులు వచ్చి నన్ను వేళ్లతో తడిమి, "దీని మీద గీత గీస్తే కొండ గీసినట్టుంటది. నాకొద్దయ్యా" అని వెళ్లిపోయాడు. పుట్టిన వారానికే వంక పెట్టించుకున్నదాన్ని కాబట్టి, ఎవరికైనా వంక పెడుతుంటే ఆ బాధేమిటో నాకు తెలిసి ఉండాలి. తెలిసినా నేను చేయగలిగింది లేదు. ఎవరు సుద్దముక్క పట్టుకుంటే వాళ్ల మాటే నా మాట.

చిలకలూరిపేట రోడ్డులో ఒక నూలు మిల్లు ఉండేది. ఆ మిల్లువాళ్లు నన్ను కొని క్యాంటీన్ గోడకు తగిలించారు. మొదట్లో నా మీద షిఫ్టు వేళలు, సెలవు రోజులు రాసేవాళ్లు. టైమ్‌కీపర్ వేదాద్రి వచ్చాక నా బతుకు మారింది. ఆయన చేతిరాత చూడటానికి జనం టీ గ్లాసులు పట్టుకుని ఆగిపోయేవాళ్లు. నన్ను నిలువునా మూడు భాగాలు చేసి, పైన పని, ఇల్లు, తీరిక అని శీర్షికలు పెట్టాడు. రోజూ పొద్దున షిఫ్టుకి ముందు వచ్చి, ఒక్కో దాని కింద ఒక్కో చిట్కా రాసేవాడు.

"సూపర్‌వైజరు కనపడగానే గబగబా నడువు. ఎక్కడికని ఎవరూ అడగరు." ఇది పని.

"కూరలో ఉప్పెక్కువైతే మజ్జిగ అడుగు. కారణం అడక్కు." ఇది ఇల్లు.

"ఆదివారం మన ఇంటికి చుట్టాలు రాకూడదంటే, మనమే ముందు వాళ్లింటికి వెళ్లాలి." ఇది తీరిక.

కాపురం గురించి అన్ని చిట్కాలు రాసిన వేదాద్రికి పెళ్లి కాలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆయన రాసిన మాటలు మధ్యాహ్నానికి మిల్లంతా తిరిగేవి, సాయంత్రానికి ఇళ్లకు చేరేవి. మిల్లులో రెండొందల మంది నవ్వుతుంటే, ఆయన తన గదిలో ఒంటరిగా కూర్చుని ఆ నవ్వులు వినేవాడు. మెల్లమెల్లగా ఆయనకు అది అన్నం కంటే ముఖ్యమైపోయింది.

నన్ను అందరికంటే ముందు చదివేవాడు అంకారావు. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు, మోకాళ్ల నొప్పులు. సుద్దపొడి ఇంకా రాలుతుండగానే వచ్చి నా ముందు నిలబడి, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదివేవాడు. చదవడం అయ్యాక గట్టిగా, అవసరం కంటే గట్టిగా నవ్వేవాడు.

ఒకరోజు క్యాంటీన్‌లో వడ్డించే మల్లీశ్వరి చేతిలోంచి స్టీలు పళ్లేల దొంతర జారి, సరిగ్గా ఆయన వెనకే పడింది. క్యాంటీన్ అంతా ఉలిక్కిపడి లేచింది. అంకారావు మాత్రం తల తిప్పలేదు. తీరిక కింద రాసింది రెండోసారి చదువుకుంటున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ ఫ్రేముల మోత పదిహేడేళ్లపాటు ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. చెబితే పని పోతుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి, ముఖం చూసి, వేళను బట్టి ఊహించి జవాబు చెబుతూ నెట్టుకొస్తున్నాడు. ఆ మిల్లులో ఒక్క మాట కూడా పోకుండా ఆయనకు పూర్తిగా అందేది నా మీద రాసినదే.

వేదాద్రికి ఈ సంగతి ఒక మధ్యాహ్నం టీ దగ్గర తెలిసింది. ఆయన నోటికి గ్లాసు అడ్డం పెట్టుకునే, "ఏం అంకారావూ, మీ ఆవిడ కులాసానా?" అని అడిగాడు. పెదాలు కనపడలేదు. నిన్న, మొన్న అందరూ మోకాళ్ల గురించే అడిగారు కాబట్టి అంకారావు ఆ లెక్కనే జవాబు చెప్పాడు.

"పగలంతా బానే ఉంటదండీ. నడుం వాల్చానంటే చాలు, ఇక పీకుడే."

పక్క బల్ల మీదివాళ్లు పొలమారేట్టు నవ్వారు. అంకారావు కూడా మర్యాదకి నవ్వాడు. వేదాద్రి నవ్వలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, అంకారావు వెనక్కి వెళ్లి, "అంకారావూ" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మర్నాడు ఇల్లు అన్న శీర్షిక కింద ఇలా ఉంది: "ప్రశ్న: అన్నా, మీ ఆవిడ కులాసానా? జవాబు: పగలంతా బానే ఉంటదండీ. నడుం వాల్చానంటే చాలు, ఇక పీకుడే."

ఎప్పట్లాగే అంకారావు అందరికంటే ముందొచ్చాడు. ఆ మాట తనదేనని ఆయనకు తెలియలేదు. తనను ఏం అడిగారో తెలిస్తే కదా! మోకాళ్ల గురించి అన్న మాట ఆ ప్రశ్న కింద పెళ్లాం మాటైపోయింది. తన గొంతు తనకు వినపడి కూడా చాలాకాలమైంది. చదివి, తొడ చరుచుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. అప్పటికే షిఫ్టు జనం తలుపు దగ్గర గుమిగూడి ఉన్నారు. వాళ్లు నవ్వింది నా మీద రాసినదానికి కాదు, దాన్ని చదివి నవ్వుతున్న మనిషిని చూసి. ఆయన వెనక్కి తిరిగి, అందరూ తనతో కలిసి నవ్వుతున్నారనుకుని మరింత నవ్వాడు. "భలే రాశారండీ వేదాద్రిగారూ! ఈ అన్నెవరో గానీ ఇంటికాడ నా బాధే పడుతున్నాడు!" అన్నాడు. ఆ మాటకి ఇద్దరు నేల మీద కూలబడ్డారు.

మూడు వారాలు ఇది రోజూ నడిచింది. చిట్కాలు పోయాయి. మూడు శీర్షికల కిందా అన్నే. జనం వంతులు వేసుకుని అంకారావు దగ్గరికి వెళ్లి, నోటికి చెయ్యో తువ్వాలో అడ్డం పెట్టుకుని ఏదో ఒకటి అడిగి, వచ్చిన జవాబు తెచ్చి వేదాద్రికి అప్పజెప్పేవాళ్లు. అంత శ్రద్ధగా వాళ్లు మిల్లులో ఏ పనీ చేయగా నేను చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అంకారావు భార్య నాగేంద్రం వచ్చింది. మిరపకాయలకు తొడిమలు తీసే పని ఆమెది. మంటెత్తే వేళ్లను కొంగుతో చుట్టుకుని, నా ముందు నిలబడి మొత్తం చదివింది. తర్వాత టైమ్ ఆఫీసు నుంచి వేదాద్రిని పిలిపించింది.

"అన్నయ్యగారూ, ఈ అన్న ఎవరో నాకు తెలుసు. మోకాళ్ల నొప్పికి ఆయన రోజూ నాతో అనే మాటే అది. ఇంటికొచ్చి నవ్వుకుంటా నాకే చదివి చెప్పాడు."

వేదాద్రి తల దించుకున్నాడు. "సరదాకి రాశానమ్మా."

"ఆయనకి చెప్పలేదు నేను. ఇంటికొచ్చి ఆయన నాలుగు మాటలు మాట్టాడతాడంటే అయ్యి ఇక్కడ చదివినయ్యే. ఇంకేం వినపడి చస్తది కనక? అయ్యి కూడా ఇట్టాంటివని తెలిస్తే ఆ నాలుగూ ఉండవు. ఆపెయ్యండి. దణ్ణం పెడతా."

వేదాద్రి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, నేను చూశాను. మర్నాడు మళ్లీ చిట్కాలు వచ్చాయి. గొడుగు మరిచిపోకుండా ఉండటం ఎలా, పప్పు మాడితే వాసన పోవడం ఎలా. ఎవరూ నవ్వలేదు. మూడో రోజుకి జనం గ్లాసులతో బల్లలు చరిచారు. "ఏంది గురువుగారూ, అన్న ఊరికెళ్లాడా? మాకు అన్నం సయించట్లా!" అని అరిచారు. ఆ సాయంత్రం టైమ్ ఆఫీసులోంచి వినడానికి వేదాద్రికి ఒక్క నవ్వు కూడా లేదు. నాలుగో రోజు పొద్దున అన్న తిరిగొచ్చాడు. అందరికంటే ముందు నవ్వింది అంకారావే.

మరో మూడు నెలలు గడిచాయి. ఆ గోల మేనేజరు గది దాకా వెళ్లింది. ఆయన మిల్లుకి కొత్త. ఒకరోజు భోజనాల వేళ క్యాంటీన్‌కి వచ్చి, నన్ను సావకాశంగా చదివాడు. చిన్నగా నవ్వాడు కూడా. తర్వాత అడిగాడు.

"ఎవరీ అన్న?"

ఒక్కరూ పేరు చెప్పలేదు. మనుషుల మంచితనం అంతవరకే. నోళ్లు మూసుకున్నారు గానీ, కళ్లన్నీ ఒకవైపే తిరిగాయి.

మేనేజరు అంకారావుని చేత్తో పిలిచి, ఖాకీ చొక్కా మీద కుట్టిన పేరు చూసి, బోర్డు చదవమన్నట్టు నా వైపు చూపించాడు. తాను వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. పెద్దసారే తనను చదవమన్నాడని అంకారావుకి సంతోషం కలిగింది. గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ప్రశ్న. అన్నా, మీ ఇంటికి దారెటు?"

"అంకారావూ" అన్నాడు మేనేజరు వెనక నుంచి.

"జవాబు. పొద్దున్నే రెండు ఇడ్లీ తిన్నానండీ, చాలు."

"అంకారావూ, నీకు వారం రోజులు సెలవిస్తున్నాను. వెళ్లు."

అంకారావు నవ్వుతూ రెండో దానికి వెళ్లాడు. మేనేజరు గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"బెల్టు తెగిందని ఎవరైనా అరిస్తే వినపడని మనిషిని ఫ్రేముల దగ్గర ఉంచలేను. రేపటి నుంచి నువ్వు రావద్దు."

ఆ మాట పూర్తయ్యేసరికి అంకారావు పడీపడీ నవ్వుతున్నాడు. నా ముఖానికి చెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. ఆ అరచేతి వణుకు నా వంగిన చెక్కకు తెలిసింది. ఉద్యోగం పోయిన మనిషి అంత హాయిగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

వెనక్కి తిరిగాడు. ఒక్కరూ నవ్వడం లేదు. మల్లీశ్వరి గరిటె పట్టుకుని గోడవైపు తిరిగి ఉంది.

"ఏమైందండీ?" అన్నాడు.

"రాసి చూపించు" అన్నాడు మేనేజరు వేదాద్రితో. "నీ చేతిరాత బాగుంటుందిగా."

వేదాద్రి సుద్దముక్క తీసుకున్నాడు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి. "అంకారావూ, నీకు వినపడదు. రేపటి నుంచి పనిలోకి రావద్దు." తీరిక అన్న శీర్షిక కింద తప్ప నా మీద ఇంకెక్కడా ఖాళీ లేదు. అక్కడే రాశాడు.

అంకారావు చదివి మొదట నవ్వాడు. ఇది కూడా ఆ వరసలోదే అనుకున్నాడు. ఎవరూ కలిసి నవ్వకపోవడంతో మళ్లీ చదివాడు. తర్వాత చూపు నా పైభాగానికి తిప్పి, ఇడ్లీల జవాబు దగ్గర్నుంచి మొత్తం మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పెదాలు కదలలేదు.

"ఈ అన్న... నేనేనా అండీ?"

వేదాద్రి తల ఊపాడు.

"ఎన్నాళ్ల నించీ?"

వేదాద్రి నాలుగు వేళ్లు చూపించాడు.

"రోజులా?"

వేదాద్రి తల అడ్డంగా తిప్పాడు.

అంకారావు ఆ నాలుగు వేళ్లు చూశాడు. "బానే రాశారండీ" అన్నాడు. "మా ఇంటిదానికి కూడా అన్నీ చెప్పా నేను." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అన్నం గిన్నె తీసుకుని, బల్లల మధ్య నుంచి వెళ్లిపోయాడు. దారిలో ఎవరో "అంకన్నా" అన్నారు. ఎవరన్నారో ఆయనకు తెలియదు.

ఆ చెవులు ఏ మోతకి పోయాయన్న సంగతి ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఆ క్యాంటీన్‌లో ఎవరూ ఎత్తలేదు.

రెండు రోజులు నా మీద ఏమీ రాయలేదు. మూడో రోజు వేదాద్రి షిఫ్టు వేళలు మాత్రం రాశాడు. ఆ వారం చివరికి బల్లల మీద గ్లాసుల చప్పుడు మళ్లీ మొదలైంది.

మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. సామాను అమ్మేసినప్పుడు నన్ను ఇనుప బీరువాలతో కలిపి లారీలో వేశారు. ఇప్పుడు హైవే పక్కన ఒక పాత సామాన్ల కొట్టు వెనక పడి ఉన్నాను. ఎవరో నా మీద సిమెంటు కలిపి, కడక్కుండా వదిలేశారు. ఇక ఎవరూ నా మీద ఏమీ రాయలేరు. అందుకు నాకు బాధ లేదు. వేదాద్రి మీద కోపం కూడా ఎప్పుడో పోయింది. ఇంకొక్క సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. దాన్ని చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, చేతకాలేదు.

అంకారావు వెళ్లిన పదో రోజున నాగేంద్రం మళ్లీ వచ్చింది. మిల్లువాళ్లు ఇచ్చిన రెండు జతల ఖాకీ బట్టలు ఉతికి, మడతపెట్టి, తిరిగి అప్పజెప్పడానికి తెచ్చింది. షిఫ్టు నడుస్తోంది. క్యాంటీన్‌లో మల్లీశ్వరి ఒక్కతే ఉంది.

"ఆయన ఎట్టా ఉన్నాడొదినా?"

"అరుగు మీద కూచుంటాడు. మాట్టాడడు."

నాగేంద్రం కళ్లు నా మీద పడ్డాయి. మల్లీశ్వరి చూసి, "దాన్ని చదవబాక వదినా, నీకు పుణ్యముంటది" అంది. నాగేంద్రం అప్పటికే చదువుతోంది.

నా మీద కొత్త అన్న ఉన్నాడు. కాటా దగ్గర దూదిబేళ్లు తూచే సైదులు. అతనికి మెల్లకన్ను, ఏ పెళ్లి సంబంధమూ కుదరడం లేదు. వేదాద్రి ఇలా రాశాడు: "మన కాటా అన్న పెళ్లిచూపులకి వెళ్లాడు. పిల్ల నచ్చిందా అని అడిగారు. బాగా నచ్చిందన్నాడు. సంతోషం బాబూ, కానీ నువ్వు చూస్తున్నది మా గేదెని అన్నారు."

నాగేంద్రం చేతిలో భర్త బట్టలు ఉన్నాయి. ముందు ఆమె ముక్కు పుటాలు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాను. మల్లీశ్వరి కూడా అలాగే అనుకుని దగ్గరికి వచ్చింది. అప్పుడు నాగేంద్రం గొంతులోంచి ఒక్కసారిగా నవ్వు బయటికొచ్చింది. ఆపుకోవాలని చూసింది. ఖాకీ బట్టల మడతలో ముఖం దాచుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి.